ఇంటూ సున్నా ఆట: ఫోన్‌లోనా, బండ మీదా? పిల్లలకు ఏది మేలు?

ఎండాకాలం సెలవులకు మా అక్క కొడుకు కడపకు వచ్చాడు. ఆరేళ్లవాడు. పొద్దున పది దాటితే ఇక్కడి ఎండకు బయట కాలు పెట్టలేం. అందుకని నెల రోజులు ఇంట్లోనే ఇంటూ సున్నా ఆడాం. అక్క ఫోన్‌లో అదే ఆట కార్టూన్ బొమ్మలతో ఉంది: ఇంటూ బదులు పిల్లి ముఖం, సున్నా బదులు ఎలుక ముఖం. వసారాలో పరిచిన నల్లటి కడప బండ ఉంది, చాక్‌పీస్ ఉంది. రెండూ ఆడించి చూశాను.

ఫోన్‌ను తీసిపారేయను. పక్కింటి నాలుగేళ్ల పాపకు ఇంకా గీయడం రాదు. అయినా మూడు పిల్లులు వరసలో రావాలన్న సంగతి ఒక్క పూటలో పట్టేసింది. ఆడేందుకు తోడు లేకపోయినా ఫర్వాలేదు, అవతల కంప్యూటర్ ఉంటుంది.

చిక్కు కూడా ఆ కంప్యూటర్‌తోనే. సులువు స్థాయిలో అది తోచిన గడిలో పెట్టేస్తుంది. పిల్లవాడు అడ్డుకోవడం నేర్చుకోకుండానే గెలిచేస్తాడు. కష్టం స్థాయిలో అసలు ఓడదు. ఉన్నవి 9 గడులు, గెలిచే వరసలు 8. ఇద్దరూ తప్పు చేయకపోతే ఆట ఎప్పుడూ డ్రానే. ఈ లెక్క యంత్రానికి పెద్ద పని కాదు. 1952లోనే కేంబ్రిడ్జ్‌లో ఎ.ఎస్. డగ్లస్ ఎడ్సాక్ కంప్యూటర్‌తో ఈ ఆట ఆడించాడు. ఆరేళ్లవాడికి కావాల్సింది ఈ రెండింటికీ మధ్య ఆడే మనిషి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. మావాడు ఓడగానే ఎలుక గంతులేస్తూ తెరంతా నిండిపోతుంది, గడులు కనపడవు. కింద ‘మళ్లీ ఆడు’ అని బటన్. వాడు నొక్కేస్తాడు. అదే తప్పు మళ్లీ చేస్తాడు.

బండ మీద ఓడిన ఆట చెరిపేదాకా అక్కడే ఉంటుంది. "యాడ పోయింది మామా?" అని అడిగాడు. ఒక్కో గుర్తూ తుడుస్తూ వెనక్కి వెళ్లాం. నేను మూలలో మొదలుపెట్టాను, వాడు పక్క గడిలో పెట్టాడు. మూలలో మొదలుపెట్టినవాడికి సరైన జవాబు నడిమి గడి ఒక్కటే. ఇంకెక్కడ పెట్టినా అవతలివాడు రెండు వరసలు ఒకేసారి సిద్ధం చేసుకోగలడు. అడ్డుకునేది ఒక్కదాన్నేగా! మరుసటి రోజు నేను మూలలో పెట్టగానే వాడి చెయ్యి నేరుగా నడిమికి పోయింది. నా సంతోషం అంతా ఇంతా కాదు.

1961లో డొనాల్డ్ మిచీ అనే శాస్త్రవేత్త 304 అగ్గిపెట్టెల్లో రంగుపూసలు వేసి వాటికి ఈ ఆట నేర్పాడు. ఆటలో వచ్చే ఒక్కో స్థితికి ఒక్కో పెట్టె, ఒక్కో గడికి ఒక్కో రంగు. పెట్టెలోంచి చూడకుండా తీసిన పూస ఏ రంగైతే ఆ గడిలో పెట్టెల ఎత్తు. ఓడినప్పుడల్లా ఆ ఆటలో వేసిన ఎత్తుల పూసలు తీసేసేవాడు. గెలిస్తే అవే పూసలు ఇంకొన్ని వేసేవాడు. ఆడేకొద్దీ ఆ పెట్టెలు తెలివిగా ఆడాయి. అగ్గిపెట్టెలకైనా ఓడిన ఆట దగ్గరికి తిరిగి వెళ్తేనే ఆట వచ్చింది. అందుకే నేర్పడానికి బండే మేలంటాను. బట్టలకు సుద్ద అంటుతుంది, పెద్దవాళ్లు పక్కన కూర్చోవాలి. కూర్చోండి.

మూడు వారాలకు అన్నీ డ్రాలే వచ్చి వాడికి విసుగొచ్చింది. అప్పుడు మూడు రాళ్ల ఆటకు మారాం. ఒక చతురస్రం, లోపల నిలువు, అడ్డం, మూలగీతలు. గీతలు కలిసే 9 చోట్లలో చెరి మూడు రాళ్లు పెట్టాలి. పెట్టేశాక గీత వెంట పక్క చోటికి జరుపుతూ వరస కట్టాలి. నడుమ పెట్టినవాడికి బలం ఎక్కువ, అందుకని మొదటి రాయి అక్కడ పెట్టకూడదని నియమం పెట్టుకున్నాం. ఇందులో ఆట నిండగానే ముగిసిపోదు.

ఇక బస్సు ప్రయాణంలో ఫోనే నయం, ఆ కుదుపులకు గీత నిలవదు. అప్పుడు కూడా ఇద్దరు ఆడే పద్ధతి పెట్టండి. చివరి బొమ్మ తాకేముందు వేలు ఆపి, "నన్ను ఎక్కడ అడ్డుకోవాల్సింది?" అని అడగండి. ఎలుక గంతులు మొదలైతే ఇక చూపించడానికి గడులుండవు.