వయెహో ప్లాస్టిక్ పుట్టీ: రెక్క సందుకి బంగారం, వీపు గీతకి వద్దు

1/72 సైజు (అసలు దానిలో 72వ వంతు) స్పిట్‌ఫైర్ ప్లాస్టిక్ మోడల్ విమానం కిట్లలో రెక్క ఒంటికి అతికే చోట సన్నటి సందు మిగలడం మామూలే. అక్కడ వాటర్ పేపర్ పెట్టి రుద్దితే సందుతో పాటు పక్కన రేకుల అతుకుల్లా చెక్కి ఉండే ప్యానెల్ గీతలూ చెరిగిపోతాయి. రుద్దే పనే లేకుండా సందు నింపేది ఈ వయెహో పుట్టీ. 20 ఎం.ఎల్. ట్యూబు, నంబర్ 70.401.

మూతి సన్నగా ఉంటుంది. సందు పొడుగునా పుట్టీ వదిలి, ఆరేలోపే తడి ఇయర్ బడ్‌ని ఒకే వైపుకి లాగాలి. పైకి పొంగింది బడ్‌కి అంటుకుపోతుంది, సందులోది లోపలే ఉంటుంది. బడ్‌ని ముందు పిండాలి, నీళ్లు కారుతుంటే లోపలిది కూడా ఊడొచ్చేస్తుంది. సందు లోతుగా ఉంటే ఒకేసారి కుక్కకండి, ఆరాక కుంగుతుంది. కొంచెం కొంచెంగా రెండు మూడు పూతలు వేసుకోవడం మేలు.

అక్రిలిక్ కాబట్టి వాసన లేదు. మా ఇంట్లో థిన్నర్ సీసా మూత తీస్తే వంటింట్లోంచి కేక వినిపిస్తుంది. ఇది మాత్రం డైనింగ్ టేబుల్ మీదే దర్జాగా నడుస్తోంది. కానోపీ (పైలట్ మీద ఉండే అద్దం కప్పు) అంచుల్లోనూ టెన్షన్ లేకుండా వాడొచ్చు, అద్దం ముక్క మసకబారదు.

ఇక వీపు మీది గీత, అంటే విమానం ఒంటి రెండు సగాలూ కలిసే చోటు. ఈ పుట్టీని రుద్దితే అంచుల్లో పెళ్లలు లేస్తుంది. దాని మీద ప్యానెల్ గీత మళ్లీ చెక్కడం కూడా కుదరదు. అక్కడ నా ఓటు మిస్టర్ సర్ఫేసర్ 500 అనే చిక్కటి ద్రవ ఫిల్లర్‌కి, లేదంటే సూపర్ గ్లూకి. గ్లూ అయితే గంటా రెండు గంటల్లో రుద్దేయాలి. తెల్లారేదాకా వదిలేస్తే ప్లాస్టిక్ కన్నా గట్టిపడుతుంది, చుట్టుపక్కలది అరుగుతుంది గానీ అది అరగదు. రెండు సగాలూ బాగా కుదిరే కిట్ అయితే ఇవేవీ అక్కర్లేదు. టమియా ఎక్స్‌ట్రా థిన్ (ప్లాస్టిక్‌ని కరిగించి అతికే పల్చటి జిగురు) కాస్త ధారాళంగా పారించి నొక్కి పట్టుకుంటే, కరిగిన ప్లాస్టిక్ సన్నటి గట్టులా పైకి ఉబుకుతుంది. ఒకట్రెండు రోజులు ఆగి 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలెట్టి 1000 దాకా తడిపి రుద్దితే గీత ఉండదు.

పుట్టీ తెల్లగా ఉంటుంది కాబట్టి బూడిదరంగు ప్లాస్టిక్ మీద పని ఎప్పుడూ అసంపూర్తిగానే కనిపిస్తుంది. గ్రే ప్రైమర్ ఒక పూత కొట్టి, లైటు పక్కనుంచి వేసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ట్యూబు మూతిలో గుండుసూది గుచ్చి ఉంచండి, లేకపోతే అక్కడే గడ్డకడుతుంది. రెక్కలూ కానోపీలూ ఎక్కువగా చేసేవాళ్లు కొనొచ్చు. ఒకే ఒక్క ఫిల్లర్‌తో అన్నీ కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు మాత్రం ఆ డబ్బు సర్ఫేసర్ మీద పెట్టండి.