మాండ్రిల్లా, డ్రిల్లా?

మాండ్రిల్, డ్రిల్ రెండూ ఆఫ్రికా కోతులు. మగ మాండ్రిల్‌ని ఒక్కసారి చూస్తే మర్చిపోలేం. ముక్కు పొడవునా ఎర్రటి చార, రెండు పక్కలా గాడులు పడ్డ నీలి చర్మం, కింద పసుపు గడ్డం. ఆ నీలం ఏ వర్ణకం వల్లా వచ్చింది కాదు. చర్మంలోని కొలాజెన్ అనే ప్రోటీన్ పోగుల మీద వెలుగు చెదిరి అలా కనిపిస్తుంది. డ్రిల్‌ది నల్లటి మొహం, కింది పెదవి కింద ఎర్రటి గీత, అంతే. పిరుదుల దగ్గర మాత్రం రెండూ రంగుల్లో తగ్గవు!

కామెరూన్‌లో సనగా నదికి ఉత్తరాన డ్రిల్, దక్షిణాన మాండ్రిల్. ఆ దేశ తీరానికి దగ్గర్లోని బయోకో దీవిలో ఉండేది డ్రిల్లే.

ఒకప్పుడు రెండింటినీ బబూన్లలో కలిపేశారు, పొడుగు మూతి చూసి మోసపోయారన్నమాట. ఇప్పుడు వీటిది మాండ్రిల్లస్ అనే సొంత ప్రజాతి. జన్యువుల లెక్కన దగ్గరి చుట్టాలు సెర్కోసెబస్ ప్రజాతికి చెందిన మాంగబే కోతులు.