కొరియా చలిలో గది బుక్ చేసే ముందు నేల చూడండి

జనవరిలో సోల్ రాత్రులు సున్నాకి ఐదారు డిగ్రీలు కిందే ఉంటాయి. అయినా గదిలో హీటరు కనబడదు, వేడంతా కాళ్ల కింద నుంచే వస్తుంది. దాన్నే ఒండోల్ అంటారు. పాత ఇళ్లలో పొయ్యి మంట, పొగ నేల కింది రాతి కాలువల్లోంచి పోతాయి. ఇప్పటి ఇళ్లలో సిమెంటులో పూడ్చిన గొట్టాల్లో బాయిలర్ వేడినీళ్లు తిరుగుతాయి.

సోల్‌లోని పాత పేట బుక్‌చోన్‌లో హానోక్ (సంప్రదాయ కొరియా ఇల్లు) బసలు అందంగా ఉంటాయి, సందేహం లేదు. అక్కడి అసలైన నేల సోయా నూనె పట్టించిన కాగితం, తేనె రంగులో మెరుస్తుంది. దాన్ని పోలిన ప్రింటు వినైల్ (నేల మీద పరిచే ప్లాస్టిక్ షీటు) కూడా ఉంది. అతుకు మీద వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది: కాగితం ఒకదాని మీద ఒకటి ఎక్కి చిన్న గట్టు తగులుతుంది. నేల మీద పల్చటి పరుపే కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మంచం ఉన్న గదే మేలు. ఆండోంగ్ దగ్గరి హాహ్వే పల్లె (2010 నుంచి యునెస్కో జాబితాలో ఉంది) బసల్లో కట్టెల పొయ్యి ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. పొయ్యి వైపు నేల కాలిపోతుంటుంది, అవతలి కొస చల్లగా ఉంటుంది. పక్క మధ్యలో పరుచుకోవాలి.

పిల్లలతో వెళ్తే వినైల్ నేల ఉన్న మామూలు అపార్ట్‌మెంటే హాయి. పాలు ఒలికినా గుడ్డతో తుడిస్తే సరి. కాకపోతే పని సరిగ్గా చేసిన నేల కావాలి. గోడ వారన ఉబ్బు, లేచిన అంచులు, రబ్బరు అడుగున్న చాప తీస్తే పసుపు మచ్చ కనిపిస్తే తప్పెక్కడో ఉన్నట్టే.

ఇంగ్లండ్‌లోనో కెనడాలోనో సొంతింట్లో ఇలా నేల కింద వేడి, పైన వినైల్ వేయించుకునేవాళ్లు పనివాడిని తొందరపెట్టకూడదు. సిమెంటు పూత రోజుకి సుమారు 1 మి.మీ. చొప్పున ఆరుతుంది, అంటే 40 మి.మీ.కి నలభై రోజులు. ఆరాక, వినైల్ పరవకముందే హీటింగ్‌ని రోజుకి కొన్ని డిగ్రీలు పెంచుతూ ఒకసారి నడపాలి. లోపల తడి మిగిలితే అది తర్వాత జిగురునే తినేస్తుంది. పరిచే ముందు 48 గంటలు హీటింగ్ ఆపి, గదిని మాత్రం 18 డిగ్రీలకి తగ్గనివ్వకూడదు. వినైల్ కూడా ఆ రెండు రోజులూ అదే గదిలో ఉండాలి. సిమెంటు నేల మీద 2 మీటర్ల తిన్నని బద్ద పెడితే కింద 3 మి.మీ.కి మించి సందు కనబడకూడదు. వేడికి తట్టుకునే జిగురే వాడాలి, మామూలుది మెత్తబడి అతుకులు జరుగుతాయి. ఒకదానిలో ఒకటి బిగుసుకునే వినైల్ క్లిక్ పలకలైతే గోడల దగ్గర 5 నుంచి 10 మి.మీ. వదలాలి, వాటి మీద బరువైన అల్మారా బిగిస్తే వ్యాకోచానికి దారి మూసినట్టే. పరిచాక మరో 48 గంటలు ఆగి వేడి మెల్లగా పెంచాలి. అక్కడ దొరికే చాలా రకాలకి నేల పైన 27 డిగ్రీలే హద్దు. కొరియా వినైల్ అంతకన్నా వేడి నేల కోసమే తయారవుతుంది కాబట్టి ఆ అంకెని కొరియా బసలకి వర్తింపజేయొద్దు.

మళ్లీ బసకి వస్తే, గోడ మీది ప్యానెల్‌లో ‘సిల్నే’ గదిగాలి వేడి, ‘ఒండోల్’ నీళ్ల వేడి. రెండోదానిలో 60 కనబడితే కంగారు అక్కర్లేదు. ‘వేచుల్’ అంటే ఎవరూ లేనప్పటి మోడ్, రాత్రి అందులో వదిలేస్తే తెల్లారేసరికి నేల చల్లబడిపోతుంది. బాయిలర్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో సామాను దించకముందే చూడండి. 2018 డిసెంబరులో గాంగ్నుంగ్‌లోని ఒక బసలో బాయిలర్ పొగగొట్టం ఊడి ఉండటంతో ముగ్గురు విద్యార్థులు చనిపోయారు.