గోవన్ క్లాసిక్ 350: ఎత్తు హ్యాండిల్ ఎవరికి కుదురుతుంది?

షోరూంలో ఈ బండి ఎక్కగానే ఎవరైనా ముందు ఎదురుగా ఉన్న గాజుతలుపులో తమను తాము చూసుకుంటారు. అందులో తప్పేం లేదు, బండి తయారుచేసిందే అందుకు. కానీ దిగేముందు హ్యాండిల్‌ని ఒకసారి పూర్తిగా కుడికి, ఒకసారి పూర్తిగా ఎడమకి తిప్పి చూడాలి. కొన్నాక మీరు దీన్ని రోజూ తీస్తారో, ఆదివారాలకే పరిమితం చేస్తారో అక్కడే తేలిపోతుంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ రూపం ఇంగ్లండులోని రెడ్డిచ్ ఫ్యాక్టరీ కాలం నాటిది. బండ్లు మద్రాసులో తయారవడం 1955లో మొదలైంది, ఆ తర్వాత కంపెనీయే ఇక్కడిదైపోయింది. ఆ క్లాసిక్ 350కే తోక కత్తిరించి, సీటు దించి, హ్యాండిల్ పైకి లేపితే గోవన్ క్లాసిక్. 2024 నవంబరులో గోవాలో, 2.35 లక్షల ఎక్స్‌షోరూం ధరతో వదిలారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఇది 349 సీసీ కాబట్టి ఆ లాభం దీనికీ వచ్చింది. పాత రివ్యూల్లో కనపడే ధరలు పట్టుకుని లోన్ లెక్కలు వేసుకోకండి.

ఇంజిన్ గురించి కొత్తగా చెప్పడానికేం లేదు. క్లాసిక్‌లో ఉన్న జే సిరీస్ ఇంజినే: 20.2 బీహెచ్‌పీ, 4,000 ఆర్‌పీఎం దగ్గర 27 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం), 5 గేర్లు. కింది స్పీడులో లాగుడు బాగుంటుంది, 80 దాకా హాయిగా పోతుంది, ఆ పైన తొందరపెడితే విసుక్కుంటుంది. క్లాసిక్ నడిపినవాళ్ళకు ఇదంతా తెలిసిందే. తేడా అంతా కూర్చునే తీరులో ఉంది.

క్లాసిక్ సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, దీనిది 750. అంటే మనం 55 మిల్లీమీటర్లు, సుమారు రెండంగుళాల పైచిలుకు కిందికి దిగాం, హ్యాండిలేమో పైకెళ్ళింది. చూసేవాళ్ళకు కనపడే ఎత్తు కన్నా కూర్చున్నవాళ్ళకు తెలిసే ఎత్తు ఎక్కువ కావడానికి కారణం ఇదే. ఇలాంటి హ్యాండిల్‌ని ఏప్ హ్యాంగర్ అంటారు, కోతి కొమ్మ పట్టుకుని వేలాడినట్టుంటుందని. ఇది అందులో సగం ఎత్తుదే, చేతులు భుజాలు దాటి పైకి పోవు. ఫుట్‌రెస్ట్‌లు కూడా క్లాసిక్‌లో కన్నా ముందుకు జరిగాయి.

పొట్టివాళ్ళకు ఇది వరమని ఎక్కువమంది అంటారు. సగమే నిజం. బండి బరువు 197 కిలోలు. ఐదడుగుల రెండంగుళాల మనిషికైనా రెండు పాదాలూ నేలకు ఆనతాయి, సిగ్నల్ దగ్గర భయముండదు. అయితే కాళ్ళు అందినంత మాత్రాన చేతులు అందినట్టు కాదు. ఇరుకు సందులో యూటర్న్ తీసుకోవాలంటే హ్యాండిల్ ఒక చివర మన పొట్ట దగ్గరికి వస్తుంది, రెండో చివర దూరంగా పోతుంది. ఎడమకు తిప్పేటప్పుడు దూరంగా పోయేది కుడి చెయ్యి, అంటే యాక్సిలరేటర్ ఉన్న చెయ్యి. చెయ్యి అందక ఒళ్ళు సీటు మీంచి ముందుకు లేచిందంటే, ఆ కదలికకే గ్రిప్ కొంచెం తిరిగి బండి ముందుకు ఉరుకుతుంది. అందుకే షోరూంలో ఎడమకు పూర్తిగా తిప్పి, నడుం కదపకుండా కుడిచేతి మోచేయి కొంచెమైనా వంగి ఉందా అని చూసుకోవాలి. కర్రలా సాగిపోతే ఈ బండి మీకు కాదు. లేదంటే హ్యాండిల్‌ని కాస్త వెనక్కి తిప్పించుకోవాలి.

అలా తిప్పడం పది నిమిషాల పనే, కానీ అదొక్కటీ చేసి వదిలేస్తేనే తంటా. ముందు హ్యాండిల్‌ని పట్టి ఉంచే క్లాంపుని విప్పకుండానే దగ్గరగా ఫోటో తీసుకోండి. క్లాంపు ముందు, వెనక ఎంత గ్యాపు ఉందో మళ్ళీ బిగించేటప్పుడు అదే ఉండాలి. ట్యాంకు మీద మందపాటి దుప్పటి పరచండి, పానా జారితే రంగు పోతుంది. బోల్టులు కాస్త వదులు చేసి, హ్యాండిల్ కొంచెం వెనక్కి తిప్పి, మణికట్టు తిన్నగా వచ్చేచోట ఆపండి. అప్పుడు రెండు లివర్లూ పైకి చూస్తుంటాయి, వాటి క్లాంపులు విప్పి మళ్ళీ వేళ్ళకు తిన్నగా తెచ్చుకోవాలి. ముందు బ్రేకు ఆయిల్ డబ్బా కూడా ఆ లివరుతోనే తిరుగుతుంది. అది ఒరిగి ఉంటే లోపల ఎంత ఆయిలుందో గాజులోంచి సరిగ్గా తెలియదు. స్విచ్చుల డబ్బాలకు చాలా బండ్లలో లోపల చిన్న పిన్ను ఉండి హ్యాండిల్‌కున్న రంధ్రంలో కూర్చుంటుంది, బలవంతంగా తిప్పితే ఆ పిన్నే విరుగుతుంది.

బిగించాక మూడు పరీక్షలు చేయాలి. హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పినప్పుడు స్విచ్చులు గానీ లివరు గానీ ట్యాంకుకి తగలకూడదు. బండి స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో ఉంచి, అలాగే రెండువైపులా తిప్పితే ఇంజిన్ శబ్దం పెరగకూడదు. పెరిగిందంటే యాక్సిలరేటర్ వైరు ఎక్కడో బిగుసుకుంటోంది. యాక్సిలరేటర్ తిప్పి వదిలితే ఏ పక్కకు తిరిగి ఉన్నా టక్కున వెనక్కి రావాలి. చివరగా క్లాంపు బోల్టులు టార్క్ రెంచితో (ఎంత బిగువో కొలిచి చూపే పానా), మాన్యువల్లో ఇచ్చిన లెక్కకే బిగించాలి. ‘చేతి అందాజు’ ఇక్కడ వద్దు: వదులైతే గట్టి బ్రేకు వేసినప్పుడు హ్యాండిల్ ముందుకు జారుతుంది, ఎక్కువైతే బోల్టు మరలు పోతాయి.

“క్లాసిక్ తీసుకుని బయట ఎత్తు హ్యాండిల్ వేయిస్తే పోదా?” అని అడిగేవాళ్ళు చాలామంది. హ్యాండిల్ రాడ్డు చవకే. కానీ దాని వెనక వచ్చే ఖర్చు ఎవరూ ముందు చెప్పరు. పొడవైన క్లచ్ వైరు కావాలి, పొడవైన యాక్సిలరేటర్ వైరు కావాలి, ముందు బ్రేకు హోసు మార్చాలి. హోసు మార్చితే హోసు చివరను బిగించే బాంజో బోల్టు దగ్గర కొత్త వాషర్లు వేయాలి, పాత ఆయిల్ తీసేసి గాలి బుడగ లేకుండా బ్లీడ్ చేయాలి. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో ఇది మామూలు బండిలో అయినంత తేలిక కాదు. అన్నిటికన్నా చెడ్డది స్విచ్చుల వైరింగు. పొడవు చాలక వైర్లు కత్తిరించి, అతుకులు వేసి, ఇన్సులేషన్ టేపు చుట్టేస్తారు. మొదటి వానాకాలంలోనే ఆ అతుకులోకి నీళ్ళు చేరి, సెల్ఫ్ కొడితే బండి మూగదైపోతుంది. దీనికి తోడు మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52: ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు క్లెయిములో ఇలాంటి మార్పుల మీదే కొర్రీ వేస్తారు. కంపెనీయే ఎత్తు హ్యాండిల్‌కి తగ్గ వైర్లూ, హోసులూ వేసి అమ్ముతున్నప్పుడు ఆ తలనొప్పి కొనుక్కోవడం ఎందుకు?

ఇక హైవే మాట. హైదరాబాద్ నుంచి విజయవాడ లాంటి దూరానికి ఈ బండి పనికొస్తుందా అంటే పనికొస్తుంది, తొందర లేకపోతే. చేతులు పైకుంటే ఛాతీ గాలికి తెరచాపలా నిలబడుతుంది. 70, 75లో ఇబ్బంది లేదు. 90 దాటితే గాలి మనల్ని వెనక్కి తోస్తుంటుంది, పడిపోకుండా హ్యాండిల్‌ని పట్టుకుని వేలాడతాం. ఆ లాగుడంతా స్టీరింగులోకే పోతుంది. “స్పీడులో ముందు భాగం తేలుతోంది” అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం బండి కాదు, ఆ బిగపట్టిన చేతులే. పట్టు వదులు చేసి, మోచేతులు కాస్త వంచి, నడుముతో ముందుకు ఒరిగితే తగ్గిపోతుంది. ఎదుటి లారీ దాటినప్పుడు వచ్చే గాలికీ ఇదే మందు.

కాళ్ళు ముందుకు చాపి, చేతులు పైకెత్తి కూర్చుంటే ఒళ్ళు బరువంతా తుంటి మీదే పడుతుంది. గుంత వచ్చినప్పుడు మామూలు బండి మీద ఫుట్‌రెస్ట్ మీద కాలు ఊని లేచినట్టు ఇక్కడ లేవలేం. మోకాళ్ళు స్ప్రింగు కావాల్సినచోట వెన్నుపూస స్ప్రింగవుతుంది. వెనక షాకబ్జర్లు బాగానే పనిచేస్తాయి, అయినా తెలియని స్పీడ్ బ్రేకరుకు ముందే రెండో గేరులోకి రావడం మేలు. 60, 70 కిలోమీటర్లకోసారి దిగి నడుం విరుచుకోండి. ఇప్పటికే నడుంనొప్పి ఉన్నవాళ్ళు టెస్ట్ రైడ్ అంటే షోరూం చుట్టూ ఒక రౌండు అనుకోవద్దు, కనీసం గంట అడగండి.

వెనక చక్రం 18 నుంచి 16 అంగుళాలకు తగ్గింది, చక్రం చిన్నదైపోయిందని కొందరి బెంగ. లెక్క వేస్తే అది పొరపాటు. క్లాసిక్‌లో 120/80-18 టైరు, బయటి వ్యాసం సుమారు 649 మిల్లీమీటర్లు. ఇందులో 130/90-16, సుమారు 640. తగ్గింది రిమ్ము, పెరిగింది రబ్బరు: పక్కగోడ ఎత్తు 96 నుంచి 117 అయింది. ఆ రబ్బరు కూడా కొంత కుదుపు మింగుతుంది, కాబట్టి ఈ బండికి గాలి ఎక్కువ కొట్టించడం డబ్బిచ్చి నొప్పి కొనుక్కోవడమే. చువ్వల చక్రమైనా టైరు ట్యూబ్‌లెస్. మేకు దిగితే ఏ పంచరు కొట్టులోనైనా స్ట్రిప్ వేయించుకుని పోవచ్చు. చువ్వల చక్రం చూడగానే కొట్టువాడు ట్యూబు తీద్దామని విప్పబోతే ముందే చెప్పండి.

వానలో మాత్రం ఈ హ్యాండిల్‌తో ఒక చిత్రం ఉంది. మామూలు బండి మీద చెయ్యి మోచేతి కన్నా కిందుంటుంది కాబట్టి నీళ్ళు జర్కిన్ మీంచి గ్లోవ్ మీదికి జారతాయి, అందుకని గ్లోవ్ అంచు స్లీవ్ లోపల పెడతాం. ఇక్కడ చెయ్యే పైన. నీళ్ళు వేళ్ళ దగ్గర మొదలై మోచేతి వైపు దిగుతాయి. పాత అలవాటుగా తొడుక్కుంటే స్లీవ్ గరాటు అవుతుంది, అరగంటలో మోచేతి దగ్గర నీళ్ళు నిలుస్తాయి. పెంకుటిల్లు గుర్తు తెచ్చుకోండి: పై పెంకు కింది పెంకు మీద కప్పి ఉండాలి. ఇక్కడ గ్లోవే పై పెంకు, స్లీవ్ మీదికి రావాలి. క్లచ్ వైరుకీ అదే గతి, లివరు దగ్గర చేరిన నీళ్ళు వైరు వెంట లోపలికి దిగుతాయి. వానాకాలం ముందొకసారి, తర్వాత ఒకసారి పై చివర నుంచి కేబుల్ లూబ్ వేస్తే క్లచ్ బరువెక్కదు.

వెనక కూర్చునేవాళ్ళ గురించి రెండు ముక్కలు. వెనక సీటు విప్పుకునే రకం, పొట్టిది. పక్క వీధికి సరే, ఊరికి కాదు. ఇంటావిడనో అమ్మనో రోజూ ఎక్కించుకునేవాళ్ళు ఇక్కడే ఆగి క్లాసిక్ కొనుక్కోండి. కాళ్ళు చాపుకుని దూరం పోవాలన్నదే కోరికైతే మీటియర్ 350 ఉంది: సీటు 765 మిల్లీమీటర్లు, ట్యాంకు 15 లీటర్లు, ఇంజిన్ ఇదే. గోవన్‌ది 13 లీటర్ల ట్యాంకు, లీటరుకు 30 లెక్కన 390 కిలోమీటర్లు. మన నడుం అంత దూరం ఒక్క బిగిన తట్టుకోదు కాబట్టి చాలు.

తెల్ల అంచు టైర్లు తెల్లగా ఉండాలంటే వారానికోసారి అంట్ల సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు. పెట్రోలు, కిరసనాయిలు పోసి రుద్దితే రబ్బరు పాడవుతుంది. బండి ఆపేటప్పుడు టైరు ఫుట్‌పాత్ అంచుకి రాసుకోనివ్వకండి, ఆ నల్లగీత సబ్బుకి పోదు.