నూనె రంగుల సాధనకు మోనే వేసిన చర్చి మంచిదా, సిస్లీ వేసినదా?

సాధన కోసం ఇంప్రెషనిస్టులు (మారే వెలుగును రంగుల్లో పట్టిన 19వ శతాబ్దపు ఫ్రాన్స్ చిత్రకారులు) వేసిన పాత కట్టడం ఒకటి చూసి వేద్దామనగానే చేయి మోనే రువాన్ కెథడ్రల్ మీదికే పోతుంది. 1892-94 మధ్య ఆ ఒక్క చర్చినే వేర్వేరు వెలుగుల్లో 30కి పైగా సార్లు వేశాడాయన. చూస్తే అసలు గీతే అక్కర్లేదనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. ఆకాశం తక్కువ, అంచులు కరిగిపోయి ఉంటాయి. రాయిని నిలబెట్టేది పొర మీద పొరగా గరుకెక్కిన రంగే. తొందరపడి తడి మీద తడి రుద్దితే నీలం, నారింజ కలిసి బురదవుతాయి. నూనె రంగు ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. విశాఖ ముసురులో అంత మందం పొర ఆరాలంటే ఓపిక పట్టాలి.

మరో ఇంప్రెషనిస్టు సిస్లీ 1893-94లో వేసిన, ఫ్రాన్స్‌లోని మోరే ఊరి చర్చివీ వరుస చిత్రాలే. కానీ అది రెండు గోడలూ కనిపించేలా మూల నుంచి చూసిన కట్టడం. బొగ్గుతో నాలుగు గీతలు గీసి, టర్పెంటైన్‌తో పలుచన చేసిన రంగు పూసి, ఎండ గోడకు వెచ్చని పసుపు, నీడ గోడకు చల్లని ఊదా పెట్టగానే చర్చి లేచి నిలబడుతుంది. లేవకపోతే తప్పెక్కడో కూడా కనిపిస్తుంది.

నా ఓటు సిస్లీకే. గోడకు తగిలిస్తే చుట్టాలు గుర్తుపట్టేది మోనేనే, కాదనను! కానీ రేపు పాత ఊరిలో రాస్ హిల్ చర్చి ఎదుటో, భీమిలి డచ్చి సమాధుల దగ్గరో నిలబడి వేయాలనుకునేవారికి ముందు గోడ మలుపు పట్టుబడాలి. మోనేను ఆ తర్వాత, ఒక్క ద్వారం ముక్కతో మొదలుపెట్టవచ్చు.