డనీడిన్‌లో గిటార్ రొద వెతుక్కుంటూ

న్యూజీలాండ్ దక్షిణ ద్వీపానికి వచ్చే మనవాళ్లు క్వీన్స్‌టౌన్ కొండలు చూసుకుని వెళ్లిపోతారు. డనీడిన్ దాకా వచ్చిన కొద్దిమంది ఆల్బట్రాస్ పక్షులనో లార్నక్ కోటనో చూస్తారు. నేను వెళ్లింది 1980లలో ఈ ఊళ్లో, దీని రేవులో పుట్టిన గిటార్ రొద కోసం. పేవ్‌మెంట్, యో లా టెంగో వంటి అమెరికన్ బృందాలు మోజుపడి విన్న రికార్డులివి. వాటిని మళ్లీ వెతికి వింటున్నవారికి ఈ ఊరిలో ఏది పనికొస్తుందో, ఎక్కడ డబ్బు దండగో చెబుతాను.

ముందు బస సంగతి. ఇక్కడ నడి వేసవిలోనే పగటి వేడి 19 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఆక్టగాన్ కూడలికి దగ్గర్లో, పాత ఇంటిని గదులుగా మార్చి అద్దెకిస్తున్న చోట దిగాను. ఎత్తైన పైకప్పు, రంగుటద్దాల కిటికీ, ఫొటోల్లో రాజభవనం. కిటికీ మూసినా తెర ఊగుతూనే ఉంది. ఉన్న ఒక్క హీటరు కాసేపటికోసారి దానంతట అదే ఆరిపోతుంది. ఫిర్యాదు చేస్తే ఇంకో దుప్పటి ఇచ్చారు. చలికోటు విప్పకుండా వాయించినట్టుంటాయి ఈ పాటలని ఒక మిత్రుడు అంటుండేవాడు. ఆ గదిలో పడుకున్నాక అది చమత్కారంగా తోచలేదు. మర్నాడే జార్జ్ స్ట్రీట్ ఉత్తరపు కొసన ఉన్న ఒక మోటెల్‌కు మారాను. చూడటానికి ఏమీ లేదు. కానీ గది వెచ్చగా ఉంది, పరుపు మీద విద్యుత్ దుప్పటి ఉంది, అన్నం వండుకునే వీలుంది. ఈ ఊళ్లో అందానికి కాక వెచ్చదనానికే డబ్బు పెట్టండి.

ఇక రికార్డులు. రోజర్ షెపర్డ్ 1981లో ఫ్లయింగ్ నన్ రికార్డుల సంస్థను పెట్టింది డనీడిన్‌లో కాదు, క్రైస్ట్‌చర్చ్‌లో. దాన్ని నిలబెట్టింది మాత్రం డనీడిన్ కుర్రాళ్లే. ద క్లీన్ బృందం ‘టాలీ హో’ పాటను దాదాపు 50 డాలర్ల ఖర్చుతో రికార్డు చేస్తే, అది దేశపు చార్టుల్లో 19వ స్థానానికి చేరింది. అదే ఏడాది వచ్చిన వారి ‘బూడుల్ బూడుల్ బూడుల్’ను రికార్డు చేసిన క్రిస్ నాక్స్ కథ ఇంకా ఆసక్తికరం. అంతకుముందు ఆయన బృందం టాయ్ లవ్ సిడ్నీలోని పెద్ద స్టూడియోలో ఆల్బమ్ చేసింది. పాటల్లోని కాక అంతా అక్కడ చల్లారిపోయిందని ఆయన బాధ. బృందం విడిపోయాక టియాక్ కంపెనీ నాలుగు ట్రాకుల టేపు యంత్రం కొనుక్కుని, ద క్లీన్ రికార్డును దాని మీదే చేశాడు. ఆ మోటు శబ్దం వెనుక పేదరికం ఒక్కటే కాదు, మంచి స్టూడియో రుచి చూసి వద్దనుకున్న మనిషి పంతం కూడా ఉంది.

ఈ కుర్రాళ్ల చెవులు తెరిపించిన దుకాణం స్టూవర్ట్ స్ట్రీట్‌లోని రికార్డ్స్ రికార్డ్స్. సంగీత వ్యాసకర్త రాయ్ కోల్బర్ట్ నడిపిన ఆ కొట్టు ఇప్పుడు లేదు. ఉన్న దుకాణాల్లో కొత్త ముద్రణలు దొరుకుతాయి, ఒక్కో ఎల్పీ 50 డాలర్లకు పైమాటే. తొలి ముద్రణల కోసం పెట్టెలన్నీ గాలించాను. నాకు తగిలినవన్నీ ఎవరూ అడగని 1970ల రాక్ రికార్డులే. పాత ప్రతే కావాలన్న పట్టుదల ఉన్నవారు ఇంట్లో కూర్చుని వేలంలో కొనుక్కోవడం మేలు. దుకాణదారుల ఓపిక మాత్రం మెచ్చుకోవాలి, అడిగిన ప్రతి రికార్డూ వేసి వినిపించారు.

ఈ ప్రయాణంలో అన్నిటికన్నా బాగా జరిగిన పని ఒటాగో విశ్వవిద్యాలయం వారి హాకెన్ గ్రంథాలయంలో గడిపిన సమయం. ప్రవేశం ఉచితం. సంచి లాకర్లో పెట్టాలి, పెన్ను పనికిరాదు, పెన్సిలే. కావలసినవి ముందే రాసి పంపితే లోపలి నుంచి తెచ్చి బల్ల మీద పెడతారు. నేనడిగిన కచేరీ పోస్టర్లలో ఒకటి జిరాక్సు తీసినది. అక్షరాలన్నీ చేతిరాత, మూలల్లో పిన్నుల రంధ్రాలు, తేదీని ఎవరో సిరాతో దిద్దారు. ఈ సంగీతానికి స్థిరపడిన పేరై, దుకాణాల్లో చొక్కాల మీద అచ్చేసి అమ్మే ‘డనీడిన్ సౌండ్’ కన్నా ఆ కాగితం నాకు ఎక్కువ చెప్పింది. ఆదివారం మూత, ఆశ పెట్టుకోకండి.

డనీడిన్ రేవు ఉన్న పోర్ట్ చామర్స్‌కు సిటీ బస్సులో అరగంట. రేవు వెంబడే దారి, కుడివైపు కూర్చోండి. 1987లో దేశంలో ఎల్పీలు అచ్చు వేసే కర్మాగారం మూతపడింది. మరుసటి ఏడాది బ్రూస్ రసెల్ ఇక్కడి నుంచే ఎక్స్‌ప్రెస్‌వే పేరుతో క్యాసెట్లు వేసి, టపాలో పంపడం మొదలుపెట్టాడు. ఆయన, మైకేల్ మోర్లీ, రాబీ యేట్స్ కలిసిన బృందమే ద డెడ్ సి. వారి ‘హార్ష్ 70స్ రియాలిటీ’ 1992లో అమెరికాలోని సిల్ట్‌బ్రీజ్ రికార్డు సంస్థ ద్వారా రెండు ఎల్పీలుగా వచ్చింది. మొదటి ఎల్పీ ఒక వైపంతా ఒకే ట్రాకు. కొండ కొమ్ము మీద చిత్రకారుడు రాల్ఫ్ హోతెరె పేరిట ఉన్న శిల్పాల తోటలో కూర్చుని దాన్ని మొత్తం విన్నాను. కింద క్రేన్లు కంటైనర్లు ఎత్తుతున్నాయి, దుంగల గుట్టల మధ్య బళ్లు కీచుమంటున్నాయి. రేవు మోతే సంగీతమైందని చెప్పడం తేలిక. నాకలా అనిపించలేదు. హెడ్‌ఫోన్లలో గిటారు ఒకే తీగ దగ్గర మొండిగా గీరుతుంటే, పక్కనే డ్రమ్ములు తాళాన్ని కావాలనే జారవిడుస్తాయి. పని జరుగుతున్న రేవులో అంత తీరికెక్కడిది!

పోర్ట్ చామర్స్‌లో కచేరీలకు ఒకప్పుడు పేరున్న చిక్స్ హోటల్ రాతి కట్టడాన్ని బయటి నుంచి చూడటమే. నగరంలో రాట్రే స్ట్రీట్‌లోని క్రౌన్ హోటల్లో మాత్రం కుర్రకారు ఇంకా వాయిస్తున్నారు. టికెట్టు చవక, శబ్దం భీకరం, చెవుల్లో దూది తప్పనిసరి.

తిండికి బెంగ అక్కర్లేదు. శనివారం ఉదయం రైల్వే స్టేషన్ పక్కన రైతుల సంత ఉంటుంది. చీజు, ఉల్లిపాయ సూపు పొడి కలిపి రొట్టెలో చుట్టి, పైన వెన్న రాసి కాల్చే చీజ్ రోల్ ఈ ప్రాంతపు ప్రత్యేకత. శాకాహారులకు హాయి.

రెండు రోజులే ఉంటే హాకెన్, పోర్ట్ చామర్స్, ఒక రాత్రి క్రౌన్ చాలు. కోట వదిలేయండి. వెంట వచ్చేవారికి ఈ సంగీతం పడకపోతే వారిని ఆల్బట్రాస్‌ల దగ్గరకు పంపండి, పోర్ట్ చామర్స్‌లో విసుగెత్తిపోతారు. విమానాశ్రయం ఊరికి 30 కిలోమీటర్లు, షటిల్ బండి ముందే చెప్పుకోవాలి. 2024లో అక్కడ వాహనాలు ఆగే చోట వీడ్కోలు కౌగిలింతలకు మూడు నిమిషాల గడువు పెట్టి ప్రపంచమంతా నవ్వించారు. ఎల్పీలు చేతిసంచిలోనే పెట్టుకోండి. నాలుగైదు కొంటే 7 కిలోల పరిమితిలో ఇబ్బంది ఉండదు, అంతకు మించితే దుకాణం వారే టపాలో పంపుతారు.