జీనోజెనిసిస్ సూట్: ఎనిమిదేళ్లు దాటేసిన మూడో ట్రాక్

2014లో ‘జీనోజెనిసిస్ సూట్’ అనే ఈ జాజ్ సీడీ కొన్నప్పుడు కనబడిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పాను, ఫ్లూట్ కోసం వినండి అని. దీన్ని కట్టిన అమెరికన్ జాజ్ కళాకారిణి నికోల్ మిచెల్ ఫ్లూట్ అంటే నాకు అంత పిచ్చి. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆ మాట అలాగే చెప్పను. ఫ్లూట్ బాగుంటుంది, అందులో సందేహం లేదు. కానీ చాలాచోట్ల అది బృందంలోని తొమ్మిది మందిలో ఒకటిగా కలిసిపోతుంది. ఈ ఆల్బమ్ అసలు గాయని మాంక్వే ఎన్‌డోసి గొంతుది. ఆ గొంతు దగ్గర నిలబడడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది.

ఆమె పాడేదాంట్లో చాలావరకు మాటలుండవు. నిట్టూర్పు, మూలుగు, సగంలో తెగిపోయిన అక్షరం, ఊపిరి లోపలికి లాగిన చప్పుడు, ఉన్నట్టుండి కేక. మూడో ట్రాక్ పేరే ‘స్మెల్ ఆఫ్ ఫియర్’, భయం వాసన. మొదటిసారి స్పీకర్లలో పెట్టినప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చి, “దీపాలు పెట్టే వేళ ఆ ఏడుపేమిటే, కట్టెయ్” అంది. కట్టేశాను. ఆ తర్వాత నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా రెండో ట్రాక్ అవగానే నాలుగోదానికి వెళ్లిపోయేదాన్ని. అలవాటైపోయింది.

ఈ సంగీతం వెనకున్న కథ తెలియక కాదు. దీనికి ఆధారమైన, అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ నవల ‘డాన్’ (1987) అప్పటికే చదివాను. అణుయుద్ధం అయిపోయిన 250 ఏళ్లకి లిలిత్ అనే నల్లజాతి స్త్రీ ఎక్కడుందో తెలియని గదిలో మేలుకుంటుంది. పొట్ట మీద కోత గుర్తు ఉంటుంది. ఎవరు కోశారో, ఎందుకు కోశారో తెలియదు. ఓవాన్‌కాలి అనే గ్రహాంతరవాసులు ఆమెకున్న క్యాన్సర్ తీసేశారని తర్వాత తెలుస్తుంది. మేలే చేశారు, కానీ ఆమెనొక మాట అడగలేదు. వాళ్లలో ఒకడు గదిలోకి వస్తే ఆమె వాడివైపు చూడలేకపోతుంది. ఒళ్లంతా కదిలే తంతువులు. చూపు అలవాటయ్యేదాకా వాడితో అదే గదిలో ఉండాలి, అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. 2006లో బట్లర్ పోయారు. ఆ మరుసటి ఏడాది మిచెల్ తన బృందం బ్లాక్ ఎర్త్ ఎన్‌సెంబుల్‌తో ఈ సూట్‌ని (వరసగా వాయించే భాగాల రచనని) న్యూయార్క్ విజన్ ఫెస్టివల్లో తొలిసారి వాయించారు, 2008లో ఆల్బమ్ వచ్చింది. ఇదంతా నాకు తెలుసు. అయినా మూడో ట్రాక్ దాటేసేదాన్ని.

2022లో గాల్ బ్లాడర్‌లో రాళ్లని ఆపరేషన్ చేశారు. పెద్దదేం కాదు, లాప్రోస్కోపీ. మత్తు వదులుతున్నప్పుడు ముందు తెలిసింది తెల్లటి వెలుతురు, చెంప మీద ఎవరో తట్టడం. ‘మే... మే...’ అని ఒక చప్పుడు. అది మాటేనని తెలుస్తోంది, ఏ మాటో తెలియట్లేదు. ‘మేడమ్’ అని పిలుస్తున్నారని అర్థమవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. జవాబు ఇవ్వబోయాను. నాలుక కదిలింది, మాట రాలేదు, ఇంకేదో వచ్చింది. సాయంత్రం సిస్టర్ బట్ట పక్కకి తీసి చూపిస్తే పొట్ట మీద నాలుగు ప్లాస్టర్లు. నేనే సంతకం పెట్టి చేయించుకున్న ఆపరేషన్. అయినా అక్కడ చెయ్యి వేయడానికి రెండు రోజులు మనసొప్పలేదు.

ఇంటికొచ్చాక అమ్మ జావ కలుపుతూ, “నిన్ను వార్డుకి తీసుకొచ్చినప్పుడు కళ్లు తెరవకుండా ఒకటే మూలుగు. నీ పాటల్లో ఒకావిడ ఉందే, అచ్చం ఆవిడ లాగే” అంది. ఎనిమిదేళ్ల కింద ఒక్క సాయంత్రం, అదీ అయిదు నిమిషాలు, విన్నది ఆమెకి గుర్తుంది.

ఆ రాత్రి పక్కకి తిరిగి పడుకోవడానికి లేక నిద్ర పట్టలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి విన్నాను, ఏదీ దాటేయకుండా. ఎన్‌డోసి భయపెట్టడానికి అరుస్తోందని అన్నాళ్లూ అనుకున్నాను. కాదు. మాట కోసం వెతుకుతోంది. నోరు ఒక అక్షరం దాకా వెళ్లి జారిపోతుంది, మళ్లీ మొదలు పెడుతుంది. టొమేకా రీడ్ చెల్లో, జోష్ అబ్రమ్స్ బాస్ కింద నుంచి పట్టుకోకపోతే ఆ గొంతు ఎటో పడిపోతుందనిపించింది. భయం పోలేదు, కాసేపటికి దానితో ఒకే గదిలో ఉండగలిగాను. ఇంకొకటి కూడా అప్పుడే పట్టించుకున్నాను. ఇందులో ‘ట్రాన్సిషన్ ఎ’ ఉంది, ‘ట్రాన్సిషన్ సి’ ఉంది, ‘బి’ లేదు. మిచెల్ ఉద్దేశం ఏదైనా, నాకు మాత్రం ఆ లేని ‘బి’ అంటే మత్తులో పోయిన గంటలే.

అప్పటి నుంచి నెలకోసారైనా వింటున్నాను. ఫోన్ స్పీకర్‌లో మాత్రం పెట్టకండి. ఆ గొంతు గీరినట్టు అయిపోయి మిగతావన్నీ మాయమవుతాయి. ఫ్రీ జాజ్ అనగానే ఎవరికి తోచింది వాళ్లు ఊదేస్తారని జంకేవాళ్లకి ఒక మాట. మిచెల్ షికాగోలోని ఏఏసీఎం సంగీతకారుల సంఘం నుంచి వచ్చిన మనిషి. అక్కడ రాసి వాయించడం, రాయకుండా వాయించడం రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఇందులోనూ అంతే, ఒక పట్టు ఎక్కడో ఉంటూనే ఉంటుంది.

చివరి ట్రాక్ ‘డాన్ ఆఫ్ ఎ న్యూ లైఫ్’, అంటే కొత్త జీవితం తెల్లవారడం, దానితో మాత్రం నాకు ఇంకా సఖ్యత కుదరలేదు. నవల ఆఖర్లో లిలిత్ కడుపుతో ఉంటుంది. అది కూడా ఆమెని అడగకుండా జరిగిందే. ఆ పేరులోని తెల్లవారడాన్ని నేను పూర్తిగా నమ్మలేకపోతున్నాను. పుస్తకం చదవనివాళ్లకి ఈ ఇబ్బంది ఉండకపోవచ్చు. అలాగే ఆపరేషన్ బల్ల మీంచి లేచిన అనుభవం లేనివాళ్లకి మూడో ట్రాక్ నాకు తగిలినట్టు తగులుతుందని మాట ఇవ్వలేను. నాకే 2014లో తగల్లేదు. కొనమని అడిగితే, ముందు ‘వండర్’, ‘అడ్రినలిన్’ విని చూడండి అంటాను. అవి నచ్చితే అప్పుడు మూడోది, ఇంట్లో ఎవరూ లేనప్పుడు.